పేరు లేని బియ్యం వెంట: తెనాలి, బాపట్ల, రేపల్లె

ఫిబ్రవరి మధ్యలో మా అనసూయ పిన్ని ఊరివాళ్లెవరో విజయవాడ వస్తుంటే వాళ్ల చేత రెండు కిలోల బియ్యం పంపింది. సంచి ఇంటికి చేరిందో లేదో ఫోను మోగింది. "అమ్మాయ్, ఇవి మన చేలో పండినవి. కొత్త రకం. వండి, తిని, ఎలా ఉన్నాయో నిజం చెప్పు. మీ బాబాయి నోట్లో పెట్టుకోలేకపోతున్నా అంటున్నాడు. నువ్వు రోజూ అంతమందికి వండిపెడతావు కదా, నీ మాటైతే వింటాడు" అంది. నేను విజయవాడలో కర్రీ పాయింట్ నడుపుతాను. పన్నెండేళ్లుగా బియ్యం బస్తాలతోనే నా బతుకు. అయినా ఒక రకాన్ని చెప్పి, దీని సంగతి తేల్చమని నన్నెవరూ అడగలేదు.

పిన్ని వాళ్లది రేపల్లె నుంచి నిజాంపట్నం వెళ్లే దారిలో ఒక ఊరు. పేరు రాయొద్దని బాబాయి మాట, అందుకని రాయడం లేదు. సముద్రానికి దగ్గర, కాలువకి చిట్టచివర. వరసగా రెండేళ్లు నాట్లు వేసిన నారు వేసినట్టే ఉప్పుకి మాడిపోయింది. మూడో ఏడు బాపట్లలో వరి రకాల మీద పనిచేసే శాస్త్రవేత్తలు, ఉప్పుని తట్టుకునే ఒక రకాన్ని రైతుల పొలాల్లో పండించి చూడాలని విత్తనం ఇస్తుంటే పిన్ని ముందుకొచ్చి తీసుకుంది. పంట నిలబడింది. గొడవ అన్నం దగ్గర మొదలైంది. ఈలోగా రొయ్యల చెరువుకి పొలం కౌలుకి ఇమ్మని ఒకాయన తిరుగుతున్నాడు. వేసవిలో తవ్వకం మొదలుపెట్టాలి గనక నెలాఖరులోగా ఏ సంగతీ చెప్పమన్నాడు. బాబాయి ఇచ్చేద్దామంటాడు, పిన్ని వద్దంటుంది.

వండి చూశాను. కుక్కర్ మూత తీసేసరికి అన్నం ముద్దగా అతుక్కుపోయి ఉంది. రుచి మాత్రం చెడ్డగా లేదు. తప్పు బియ్యానిదో, నా కుక్కర్‌దో తేలలేదు. అప్పుడే ఒక ప్రశ్న నన్ను పట్టుకుంది. ఇన్నేళ్లు కష్టపడి ఒక వరి రకాన్ని తయారుచేసినవాళ్లు, దాన్ని వండుకుని తిని చూస్తారా? పిన్ని దగ్గర ఆ శాస్త్రవేత్తల్లో ఒకరి నంబరు ఉంది. మూర్తి గారని పిలుద్దాం. ఫోన్ చేస్తే విసుక్కోకుండా, "మీరే రండమ్మా. పొద్దున పదింటికల్లా వస్తే వరి పువ్వు కూడా చూపిస్తాను" అన్నారు. వరికి పువ్వు ఉంటుందని చదువుకున్నానే గానీ ఎప్పుడూ చూసింది లేదు. బాపట్ల నుంచి అటే వస్తానని పిన్నికి చెప్పి, పొయ్యి బాధ్యత మా ఆయనకి అప్పగించి, మిగిలిన బియ్యంలోంచి రెండు గుప్పెళ్లు కవర్లో పోసుకుని బయల్దేరాను.

విజయవాడలో తెల్లవారుజామున ఎక్కితే తెనాలికి గంటలోపే. పాసింజరు టికెట్ రెండు టీలు తాగినంత ఖర్చు కూడా కాదు. తర్వాతి బండి ఎక్కినా పదింటికల్లా బాపట్ల చేరతానని నేను కావాలనే తెనాలిలో దిగాను. స్టేషన్ బయట ఒక చిన్న హోటల్లో ఇడ్లీ తిని, ఆటో ఎక్కి మార్కెట్ వైపు వెళ్లాను. మా కర్రీ పాయింట్‌కి బియ్యం వేసే కోటేశ్వరరావు గారి కొట్టు అక్కడే. నేను వెళ్లేసరికి షట్టర్ సగమే లేచి ఉంది. ఆయన అగరొత్తులు వెలిగిస్తున్నారు.

"ఏంటమ్మా, ఇంత పొద్దున్నే? మొన్నటి బస్తాలో ఏమన్నా తేడా వచ్చిందా?" అన్నారు కంగారుగా.

"లేదండి. ఇవి ఒకసారి చూసిపెట్టండి" అని కవరు చేతికిచ్చాను.

ఆయన గుప్పెడు బియ్యం అరచేతిలో పోసుకుని, వేలితో నాలుగు వైపులా జరిపి, ఒక గింజ పంటి కింద పెట్టుకుని కొరికారు. "లావు కాదు, సన్నం కాదు. కొత్తవి. పొట్టు పోయి రెండు వారాలు కూడా కాలేదు. పేరేంటమ్మా?"

"పేరింకా పెట్టలేదండి. నంబరే ఉంది."

"పేరు లేకపోతే బస్తా మీద నేనేం రాయను?" అని నవ్వేశారు. ఇవి ఉప్పునేలలో కూడా నిలబడిన వడ్లని, ఆ చేలో రెండేళ్లుగా ఇంకేదీ పండలేదని చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నారు. "మంచి సంగతేనమ్మా. కానీ నా కొట్టుకొచ్చేవాళ్లు బియ్యం ఎక్కడ పండాయని అడగరు. అన్నం పొడిపొడిగా వస్తుందా, తెల్లగా ఉంటుందా, అంతే. ఓ ఏడాది పాతబెట్టి తీసుకురండి, అప్పుడు చూద్దాం" అని మిగిలిన బియ్యాన్ని ఒక్క గింజ కూడా కింద పడకుండా కవర్లో పోసి ఇచ్చారు.

తెనాలి నుంచి బాపట్లకి రైల్లో గంట పట్టింది. కిటికీ పక్కన కూర్చోండి. వరి కోసేసిన మాగాణుల్లో ఇప్పుడు మొక్కజొన్న, జొన్న మనిషి ఎత్తున నిలబడి ఉంటాయి. నిడుబ్రోలు దాటాక గాలి మారింది. ఎదురుగా కూర్చున్న పెద్దాయన తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "మాఘమాసం ఇంకా పోలేదు, అప్పుడే ఎండ చూడండి" అన్నాడు. బాపట్ల స్టేషన్ నుంచి ఆటోలో పరిశోధన క్షేత్రానికి చేరాను. మనిషికి ఇరవై రూపాయలంటాడు, ఒక్కరే అయితే ఎక్కేముందే మాట్లాడుకోండి.

మూర్తి గారు గేటు దగ్గరే ఎదురొచ్చారు. యాభై దాటిన మనిషి. తలకి టోపీ, చొక్కా జేబులో భూతద్దం, మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటు. "నడుస్తూ మాట్లాడుకుందామమ్మా, పువ్వు మన కోసం ఆగదు" అని గట్టు మీద ముందుకు నడిచారు. బయట ఎక్కడా వరి లేని కాలంలో అక్కడ చిన్న చిన్న మళ్లలో పచ్చగా వరి. ఒక మడిలో కంకి ఇంకా బయటపడని చిరుపొట్ట, పక్క మడిలో అప్పుడే తొంగిచూస్తున్న కంకి, ఆ పక్కన పాలు పోసుకుంటున్న గింజ. కొన్ని కంకులకి కాగితపు సంచులు తొడిగి ఉన్నాయి. దూరం నుంచి చూస్తే చేను నిండా తెల్లటి టోపీలు పెట్టినట్టుంది.

ఆయన ఒక కంకిని వేళ్ల మధ్య పట్టుకుని భూతద్దం నా చేతికిచ్చారు. మనం పొట్టు అనుకునే పచ్చటి రెండు రేకులు మెల్లగా విడుతున్నాయి. లోపలినుంచి దారం కంటే సన్నటి తెల్లటి పోగులు, వాటి చివర్ల లేత పసుపు తిత్తులు బయటికి జారి గాలికి ఊగుతున్నాయి. వాసన లేదు, కంటికి కొట్టే రంగు లేదు, తేనెటీగ లేదు. రోజూ బస్తాల కొద్దీ వండే మనిషిని, ఆ అన్నం ఇక్కడ మొదలవుతుందని చూస్తూ నిలబడిపోయాను.

"గంట, మహా అయితే గంటన్నర. తర్వాత మూసుకుంటుంది. మళ్లీ తెరుచుకోదు" అన్నారు మూర్తి గారు. "ఆ గంటలో ఎండ మరీ ముదిరితే పుప్పొడి చచ్చిపోతుంది. కంకి చూడ్డానికి బాగానే ఉంటుంది, లోపలంతా గింజ కట్టని తాలు. అందుకే ఎండ ఎక్కకముందే, పెందలాడే పూసే రకాల కోసం వెతుకుతున్నాం. ఎండని మనం తగ్గించలేం కదండి, పువ్వునే కాస్త ముందు నిద్ర లేపాలి."

ఆ తర్వాత ఆయన చేసిన పని నేను జీవితంలో మర్చిపోను. కాగితపు సంచి తొడిగిన ఒక కంకి దగ్గర ఆగారు. అది తల్లి. నిన్న సాయంత్రమే దాని గింజల కొసలు కత్తిరించి, ఒక్కొక్క గింజలోంచీ ఆరు పుప్పొడి తిత్తుల్నీ పట్టకారుతో తీసేశారట, దాని పుప్పొడి దానికే తగలకుండా. ఇప్పుడు వేరే మడిలోంచి అప్పుడే విచ్చుకున్న ఇంకో రకం కంకిని కోసి తెచ్చి, సంచి పైభాగం తెరిచి, లోపలికి వంచి వేలితో నెమ్మదిగా తట్టారు. కంటికి కనపడీ కనపడని పొడి రాలింది. సంచి మూసి, దాని మీద పెన్సిల్‌తో రెండు నంబర్లు రాశారు.

"అయిపోయిందా?" అన్నాను.

"పెళ్లి అయిపోయింది" అన్నారు నవ్వుతూ. "సంసారమే చాలా ఏళ్లు. ఈ కంకికి ఓ పాతిక గింజలు వస్తే అదృష్టం. వాటిని నాటితే, వాటి పిల్లలు ఒక్కోటీ ఒక్కో తీరు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి ముందు కోతకొస్తుంది, ఒకటి గాలికే పడిపోతుంది. మంచివి ఏరి మళ్లీ నాటాలి, మళ్లీ ఏరాలి. ఏడెనిమిది తరాలైతే గానీ ఒక రకం ఒక తీరుగా నిలబడదు. అప్పుడు మీ పిన్ని గారి లాంటి వాళ్ల చేలకి వెళుతుంది. అక్కడ ఫెయిలయ్యేవే ఎక్కువ."

పిన్ని వేసిన రకం పుట్టుక కూడా అడిగాను. తల్లి, సముద్రం ఒడ్డు పల్లెల్లో ఒకప్పుడు వేసిన లావు వడ్లు. ఉప్పుకి బెదరవు కానీ గింజ లావు, దిగుబడి తక్కువ, ఈదురుగాలికి పడిపోతాయి. తండ్రి, మనందరం తినే సన్నరకం. తల్లి ఓర్పు, తండ్రి గింజ ఒకే మొక్కలో కుదరాలి. సిమెంటు తొట్లలో ఉప్పు కలిపిన నీళ్లు పెట్టి, వరసలు వరసలుగా నారు పెంచి చూస్తున్నారు. ఒక వరస ఆకులు కొసల నుంచి గడ్డిలా ఎండిపోయాయి. పక్క వరస ఏమీ ఎరగనట్టు పచ్చగా ఉంది. రెండింటికీ అవే నీళ్లు.

"ఒక్క ఉప్పు తట్టుకుంటే సరిపోదండి ఇప్పుడు" అన్నారాయన తొట్టి అంచు మీద చెయ్యి ఆనించి. "నాట్లప్పుడు వాన రాదు, ఉప్పు పైకొస్తుంది. పిలకలు వేసేటప్పుడు ఒక్కసారే కురిసి పొలం మునుగుతుంది. కోతలప్పుడు తుఫాను. పడిపోయిన చేలో కంకుల మీదే మొలకలు వచ్చేస్తాయి, చూసే ఉంటారు. అందుకని కోతకొచ్చాక కొన్నాళ్లు మొలకెత్తకుండా నిద్రపోయే గింజ కావాలి. మరీ ఎక్కువ నిద్రపోతే రైతు తిడతాడు, వెంటనే విత్తనానికి పనికిరాదని. ఒకటి లాగితే ఇంకోటి జారుతుంది."

ఇక నేనొచ్చిన పని. అడగడానికి మొహమాటపడుతుంటే ఆయనే అడిగారు. "అన్నం ఎలా ఉందమ్మా? మొహమాటం వద్దు. నాకు బాగుందని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు."

"ముద్దయిందండి. మా బాబాయి అసలు తినలేకపోతున్నారట" అన్నాను.

ఆయన ముఖం చిన్నబోలేదు. దేనిలో వండారు, ఎసరు ఎంత పెట్టారు, వడ్లు ఎప్పుడు కోశారు, ఎప్పుడు మరపట్టించారు అని వరసగా అడిగారు. "మేమూ వండి చూస్తాం. గింజని పరీక్షించే పద్ధతులు ఉన్నాయి. కానీ పరీక్షలో పాసైన బియ్యం వంటింట్లో పాసవ్వాలని లేదు. ఇది కొత్తలో కాస్త మెత్తన, నాకు తెలుసు. పాతబడితే మారుతుందనుకుంటున్నాను." లోపలికెళ్లి చిన్న గుడ్డసంచి తెచ్చారు. నిరుడు ఇక్కడే పండిన అదే రకం బియ్యం, అరకిలో. "ఇవి కూడా వండిపెట్టండి. ఏమన్నారో నాకు ఫోన్ చేయండి, తిట్టినా సరే."

"మీ ఇంట్లో ఏ బియ్యం తింటారండి?" అని అడిగేశాను.

"మా ఆవిడ కొన్నవి" అన్నారు.

బయల్దేరే ముందు ఇంకొకటి అడిగాను, అదే అసలుది. వచ్చే ఏడు కూడా ఈ పైరు మా పిన్ని చేలో నిలబడుతుందని చెప్పగలరా అని. ఆయన టోపీ తీసి తల తుడుచుకున్నారు. "చెప్పలేనమ్మా. ఒక హద్దు దాకా తట్టుకుంటుంది. సముద్రపు నీళ్లే వచ్చి నిలబడితే ఏ వరీ బతకదు. ఇంకో రెండేళ్లు చాలా ఊళ్లలో చూడాలి. నచ్చకపోతే ఈ రకాన్నే పక్కన పెట్టేయాల్సి రావచ్చు కూడా."

బాపట్ల బస్టాండు దగ్గర భోజనం చేసి, చెరుకుపల్లి మీదుగా వెళ్లే రేపల్లె బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకి ఉచితం, కండక్టరు సున్నా టికెట్ ఇచ్చింది. రెండు గంటలలోపే రేపల్లె. అక్కడి నుంచి నిజాంపట్నం వైపు షేరాటో. నా కాళ్ల దగ్గర ఖాళీ చేపల బుట్టలు రెండు. వాసన తప్పించుకునే చోటు లేదు గనక ముక్కే తిప్పుకున్నాను. ఊరు దాటాక రోడ్డుకి రెండు పక్కలా చెరువులు. గుండ్రంగా తిరుగుతూ నీళ్లు చిమ్మే చక్రాలు, గట్ల మీద కరెంటు తీగలు.

"ఇవన్నీ చేలేనా ఒకప్పుడు?" అని డ్రైవర్ని అడిగాను.

"అవునండి. అదిగో, ఆ మోటారు షెడ్డు దగ్గర మా నాన్న కూడా కోతకెళ్లేవాడు. రొయ్య బాగుంటే చాలా బాగుంటుందండి, మేడలు లేస్తాయి. జబ్బొచ్చిందంటే మాత్రం ఒక్క వారంలో అంతా తేలిపోతుంది. తర్వాత ఆ నేలలో గడ్డి కూడా రాదండి."

నేను దిగేసరికి పిన్ని రోడ్డు మీదే ఉంది. "బాపట్లలో ఏమన్నారు?" అన్నది మొదటి మాట, "తిన్నావా?" అన్నది రెండోది. ఇంటికి వెళ్లకుండా అటునుంచి అటే చేలోకి తీసుకెళ్లింది. ఎగువన మినుము కాయ మీదుంది. దిగువ మూల మాత్రం ఖాళీ. నేల మీద పలచగా తెల్లటి పొర. పిన్ని చిటికెడు తీసి నా అరచేతిలో వేసింది. నాలిక చివర పెట్టుకుంటే ఉప్పే.

"ముందు నీళ్లు రావు. వచ్చాక పోవు" అంది పిన్ని. "పైన వాళ్లంతా నాట్లు వేసుకున్నాక మనకి కాలువ వస్తుంది. అప్పటిదాకా నారు ఈ ఉప్పులో ఉడుకుతుంది. వాన పడిందా, మురుగు కాలువ సముద్రపు పోటుకి ఎదురు తన్ని నిండిపోతుంది. పదేళ్ల కిందట ఇంత లేదే." తర్వాత వేలితో చూపించింది. మా చేలో వరి కోసిన దుబ్బులు ఆ తెల్లటి మూల దాకా దగ్గర దగ్గరగా ఉన్నాయి. గట్టు అవతల సాంబయ్య గారి చేలో సగం దూరం వచ్చేసరికి దుబ్బులు పలచబడి, ఆ తర్వాత ఉత్త నేల. ఒకే గట్టు, ఒకే నీళ్లు. బాపట్ల తొట్లో చూసిన రెండు వరసలు ఇక్కడ ఎకరాల్లో కనిపించాయి.

దీపాలవేళకే వంటకి కూర్చున్నాను. పిన్ని కుక్కర్ అందిస్తే వద్దన్నాను. రెండు గిన్నెలు పెట్టి, ఒకదానిలో వాళ్ల కొత్త బియ్యం, ఇంకోదానిలో మూర్తి గారిచ్చిన పాత బియ్యం వేసి, ఎసరు మరిగాక పలుకు ఉండగానే గంజి వార్చేశాను. గోంగూరలో ఎండ్రొయ్యలు వేసి పిన్ని కూర చేసింది. బాబాయి వచ్చి కాళ్లు కడుక్కుని కూర్చున్నాడు. ఏది ఏదో చెప్పకుండా కంచంలో రెండు పక్కలా రెండు రకాలూ పెట్టాను.

మొదటిది ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. "ఇది మనదే. నిన్నటికంటే నయం. వార్చావా?" అన్నాడు. రెండోది కూర కలపకుండా ఉత్తదే తిన్నాడు. కాసేపు నమిలాడు. "ఇదీ మనదేగా! కానీ పాతది. ఎక్కడిది అమ్మాయ్?"

పిన్నీ నేనూ ముఖముఖాలు చూసుకున్నాం. మూర్తి గారి సంగతి చెప్పాను. బాబాయి తల ఊపి, ఆ పాత బియ్యపు అన్నమే ఇంకొంచెం వేయమన్నాడు. సగం తిన్నాక చెయ్యి ఆపి, కంచం వైపే చూస్తూ అన్నాడు. "అన్నం గురించి కాదు అమ్మాయ్ నా బాధ. ముద్దగా ఉంటే వార్చుకు తింటాం, పాతబెట్టుకు తింటాం. రెండేళ్లు నారు కళ్లముందే మాడిపోయింది. పొద్దున్నే గట్టు మీద నిలబడి చూడాలంటే భయమేసేది. మూడో ఏడు ఇది నిలబడింది, సరే. నాలుగో ఏడు నిలబడుతుందని ఆయన రాసిస్తాడా?"

"రాసివ్వలేనన్నారు బాబాయ్" అన్నాను. అబద్ధం చెప్పాలనిపించలేదు.

"చూశావా!" అన్నాడు పిన్ని వైపు తిరిగి. పిన్ని ఆయన కంచంలో ఇంకాస్త కూర వేసింది. ఆమెకి ఈ భయం సంగతి ముందే తెలుసేమో, నన్ను ఇందులోకి లాగింది బియ్యం కోసం కాదేమో అనిపించింది.

అప్పుడే గుమ్మం దగ్గర నుంచి, "అక్కా, భోంచేస్తున్నారా? మళ్లీ వస్తాలే" అని వినిపించింది. పక్క చేను సాంబయ్య. పిన్ని లోపలికి పిలిచి పీట వేసింది. ఆయన కూర్చోలేదు. కండువా చేతుల్లో నలుపుతూ, "ఈ ఏడు మీ వడ్లలో విత్తనానికి ఒక బస్తా ఉంచుతావేమో అడుగుదామని వచ్చానక్కా. నా చేలో సగం పోయింది. మీది పోలేదు. ఎందుకో నాకూ అర్థమవుతోందిగా" అన్నాడు. తర్వాత బాబాయి వైపు చూసి మెల్లగా, "కాకపోతే బావా, అన్నం అస్సలు బాగోదంటున్నారు టీ కొట్టు దగ్గర" అన్నాడు.

టీ కొట్టు దగ్గర ఆ మాట చెప్పింది ఎవరో మా అందరికీ తెలుసు. బాబాయి మాత్రం తొణకలేదు. "ఎవడన్నాడు? కుక్కర్లో కుక్కి వండితే ఏ కొత్త బియ్యమైనా ముద్దవదా? ఎసరు చూసుకోవాలి, పలుకు మీద వార్చుకోవాలి. అమ్మాయ్, వీడికి ఒక కంచం పెట్టు!" అన్నాడు. పిన్ని నవ్వు ఆపుకోలేక నీళ్లచెంబు వంకతో లోపలికి వెళ్లిపోయింది. సాంబయ్య కూర్చుని రెండు రకాలూ తిన్నాడు. బాబాయి ఆయన పక్కనే కూర్చుని, విత్తనం బస్తా ఉంచుతానని, నాట్లు కాస్త దగ్గరగా వేయాలని, ముదురు నారు అయితే మేలని, పూతప్పుడు నీళ్లు ఆరనివ్వకూడదని ఒక్కొక్కటీ చెబుతుంటే, ఆ పైరుని ఆయన ఎంత శ్రద్ధగా గమనించాడో నాకు అప్పుడు తెలిసింది.

పొద్దున్నే చెరువులాయన బండి మీద వచ్చాడు. మంచి మనిషిలాగే ఉన్నాడు, మర్యాదగానే అడిగాడు. "ఏం ఆలోచించారండి?"

బాబాయి పళ్లు తోముకుంటున్న వేపపుల్ల పక్కన పెట్టాడు. "ఈ ఏడాదికి వద్దులెండి" అన్నాడు. కారణం అడిగితే గట్టు వైపు చూపించాడు. "పక్కవాడికి విత్తనం ఇస్తానని రాత్రి మాటిచ్చానండి. ఉప్పుకి తట్టుకుంటుందని విత్తనం నేనే ఇచ్చి, వాడి గట్టు పక్కన ఉప్పునీళ్ల చెరువు నేనే తవ్విస్తే ఎలా ఉంటుందండి?" చెరువులాయన బండి తిప్పుకుని, వచ్చే ఏడు కనపడతానని వెళ్లిపోయాడు. పిన్ని అప్పుడే మూర్తి గారికి ఫోన్ చేసి, సాంబయ్యకి విత్తనం ఇవ్వవచ్చా అని అడిగింది. ఇవ్వమన్నారట. ఆ చేలో ఎలా ఉందో కూడా తనకి చెప్పాలన్నారట. నేను ఫోన్ అందుకుని పాత బియ్యం బాగుందని బాబాయి అన్నాడని చెబితే, ఎసరు ఎంత పెట్టానో అడిగారు. తర్వాత, "కొత్తది కూడా బాగుందనిపించాలమ్మా. ఆ పని ఇంకా ఉంది" అన్నారు.

తిరుగుదారిలో రేపల్లె నుంచి తెనాలి దాకా పాసింజరులో కూర్చుని ఇదంతా తలుచుకున్నాను. వరి రకం అంటే బస్తా మీద అచ్చువేసిన పేరనే ఇన్నాళ్లూ అనుకున్నాను. దాని వెనక ఎన్ని చేతులుంటాయో ఆ రెండు రోజుల్లో చూశాను. వాతావరణం మారుతోందని వార్తల్లో వింటే అది ఎక్కడో జరిగేదిలా ఉంటుంది. తెల్లటి మూల పక్కన నిలబడితే అది ఫలానా వాళ్ల ఇంటి అన్నం. మూర్తి గారు చేయగలిగింది కొంతే, ఆ కొంతకే ఏళ్లు పడుతుంది. ఆ లోపు మా బాబాయి లాంటివాళ్లు ఇంకో ఏడాది ఆగాలి. ఏ భరోసా లేకుండా ఆగడం ఎంత కష్టమో ఆయన కంచం ముందు తెలుసుకున్నాను. వచ్చే వానాకాలం ఏం చేస్తుందో నాకు తెలియదు, వాళ్లకీ తెలియదు. నారుమడి మాత్రం పోస్తారు.

మీరూ ఈ దారిలో వెళ్లాలనుకుంటే ఒక్క సలహా. ఏ ఇంట్లోనైనా మీకు అన్నం పెడితే, ఇది ఏ రకం, ఎవరి చేలోది అని అడగండి. జవాబు భోజనం అయ్యేలోపు పూర్తి కాదు. అందుకని తిరుగు ప్రయాణానికి టికెట్ ముందే తీసుకోకండి. రేపల్లె పాసింజరుకి రిజర్వేషన్ ఎలాగూ అక్కర్లేదు.